బొట్టు పెట్టని పిలుపు, నెట్టు రాని టీవీ

మా అత్తమ్మ పెళ్లికి పోనంది. పెళ్లి చూడనని మాత్రం అనలేదు. ఈ రెండు మాటల మధ్య ఇరుక్కుని ఆ పూట నేను పడ్డ తిప్పలు అన్నీ ఇన్నీ కావు.

పెళ్లి పరాయి వాళ్లది కాదు. అత్తమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు వెంకటయ్య. ఆయనకు ఒక్కతే బిడ్డ, దీక్షిత. వాళ్లది మర్పల్లి పక్కన పల్లె. పెళ్లి మాత్రం వికారాబాద్‌లో ఫంక్షన్ హాల్లో పెట్టుకున్నారు. మేముండేది తాండూరులో. కారెక్కితే గంటన్నరలోపు హాలు ముందు దిగొచ్చు. నేను ఆ పెళ్లి కోసం జాకెట్టు కూడా కుట్టించుకున్నాను, చేతులకు మగ్గం పని చేయించి మరీ. అది బీరువాలో వేలాడుతోంది. నేను టీవీ వెనకాల దుమ్ములో తల దూర్చి ఉన్నాను.

పోకపోవడానికి కారణం బొట్టు. మా వైపు కార్డు చేతికిచ్చినంత మాత్రాన పిలిచినట్టు కాదు. ఆ ఇంటి ఆడవాళ్లు కుంకుమ భరిణె పట్టుకుని మన గడప దాకా రావాలి. మన నొసట బొట్టు పెట్టి, "పెండ్లికి రాండ్రి" అని నోటితో చెప్పాలి. అప్పుడే అది పిలుపు. వెంకటయ్య మామ ఏం చేశాడంటే, కార్డు ఫొటో తీసి వాట్సాప్‌లో పంపాడు. అదీ అత్తమ్మకు కాదు, మా ఆయన మల్లేశ్‌కు. తర్వాత అత్తమ్మకు ఫోన్ చేశాడు. ఆమె ఎత్తలేదు. మళ్లీ చేశాడు. ఆమె ఫోన్‌ను దిండు కింద పెట్టింది.

"ఊరోళ్లకు గూడ బొట్టు పెట్టి చెప్తరు. తోడబుట్టినదాన్ని, నాకు ఫోన్ల కార్డు పంపుతడా? మస్తు పెద్దోడైండు మా తమ్ముడు" అంది.

"తప్పే అత్తమ్మా" అన్నాను నేను. అప్పుడు నిజంగానే తప్పనిపించింది. కోపం తెచ్చుకునే విషయంలో మా అత్తాకోడళ్ల మధ్య ఎన్నడూ తేడా రాదు. మామయ్య మాత్రం, "నువ్వు పోకుంటే నేను పోయి ఏం జేస్త?" అని గొణుక్కుంటూ పెళ్లి రోజు పొద్దున్నే చేనుకు వెళ్లిపోయాడు.

పెళ్లికి ముందు రోజు సాయంత్రం దీక్షిత నాకు లైవ్ లింకు పంపింది. ‘అత్త రాకపోతే టీవీలనన్న సూపియ్యి అక్కా’ అని రాసింది. నేను పైకి చదివాను. అత్తమ్మ వినీ విననట్టు ఉల్లిగడ్డలు తరుగుతూ ఉండిపోయింది. తెల్లవారేసరికి మాత్రం తలస్నానం చేసి, హాల్లో టీవీకి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది.

నేను వింతగా చూశానేమో, "పిల్వని పెండ్లికి పోను. సూస్తే ఏమైతది? సూసుడుకు గూడ బొట్టు గావాల్నా?" అని నన్నే గదిమింది.

ఫోన్లో చూపిద్దామంటే ఆమె కళ్లకు ఆనదు. ఒక కంటికి ఆపరేషన్ అయింది, రెండో కంటికి కావాల్సి ఉంది. టీవీ అయితే పెద్దది కాబట్టి మొహాలు పోల్చుకుంటుంది. తమ్ముడి బిడ్డ మెడలో తాళి పడేది ఆమె కళ్లారా చూడాలి. చూడకపోతే ఆ బాధ ఏళ్ల తరబడి మా ఇంట్లో తిష్ఠ వేస్తుంది. ఆ సంగతి నాకు తెలుసు, అత్తమ్మకూ తెలుసు.

టీవీ పెడితే తెర మీద మేఘం బొమ్మ, దాని మీద అడ్డగీత. కింద ‘ఇంటర్నెట్ కనెక్షన్ లేదు’ అని రాసి ఉంది.

మేము రోజూ చూసే సీరియళ్లు డిష్ మీద వస్తాయి. నెట్టు మీద సినిమాలు చూసేది మా పిల్లలు. వాళ్లు హైదరాబాద్‌లో హాస్టల్లో ఉంటారు. కిందటిసారి సెలవులకు వచ్చినప్పుడు కళ్లు వాచేదాకా చూశారు, అప్పుడు ఏ ఇబ్బందీ లేదు. ఆ తర్వాత ఇది ఎప్పుడు ఆగిపోయిందో మాలో ఎవరికీ తెలియదు.

మల్లేశ్ మొదట రిమోట్‌ను అరచేతిలో రెండుసార్లు కొట్టాడు. ఏ మిషన్ చెడిపోయినా మగవాళ్లు ముందు చేసే వైద్యం అదే. తర్వాత బ్యాటరీలు తీసి, ఊది, మళ్లీ వేశాడు. తర్వాత నా వైపు చూశాడు. మా ఇంట్లో గ్రైండర్ నుంచి ఇన్వర్టర్ దాకా ఏది మొండికేసినా నన్నే పిలుస్తారు. దాంతోపాటు వచ్చిన కాగితం చదివేది ఇంట్లో నేనొక్కదాన్నే మరి.

టీవీ ప్లగ్గు పీకి, కాసేపాగి మళ్లీ పెట్టాను. మేఘం ఎక్కడికీ పోలేదు. సరే, నెట్టు డబ్బా సంగతి చూద్దామని వంటింట్లోకి వెళ్లాను.

నెట్టు డబ్బాకు వంటింట్లో ఏం పని అంటారా? కనెక్షన్ ఇవ్వడానికి అంజి వచ్చినప్పుడు, హాల్లో టీవీ పక్క మూలన పెట్టమన్నాను నేను. మల్లేశ్ ససేమిరా అన్నాడు. అది ఈశాన్యమట. కరెంటుతో నడుస్తూ ఎప్పుడూ వెలుగుతూ ఉండేది ఆగ్నేయంలోనే ఉండాలట, లేకపోతే ఇంటి ఆడవాళ్లకు తలనొప్పులు వస్తాయని ఎవరో వాస్తు పంతులు చెప్పాడట. వంటింట్లో పొయ్యి పక్క గోడలో బండలు పేర్చి కట్టిన లోతైన గూడు ఒకటి ఉంది. డబ్బాను తీసుకుపోయి అందులో పెట్టించాడు. నా తలనొప్పి మాత్రం ఎప్పటిలాగే ఉంది.

ఇప్పుడు ఆ గూడు ముందుకు పోవడానికి దారి కూడా సరిగా లేదు. అడ్డంగా కందిపప్పు డ్రమ్ము. నా నడుము దాకా వచ్చే రేకు డ్రమ్ము అది, అంచుల దాకా పప్పు. దాన్ని తప్పించుకుని తిరగలేక నా మోకాళ్లు వాచిపోయాయి.

ఆ డ్రమ్ముదీ ఒక కథే. ఏటా కందులు ఇంటికొచ్చి, గిర్నీలో పప్పు పట్టించి, చెరగడం అయిపోగానే మొదటి డ్రమ్ము అత్తమ్మ పుట్టింటికి పోతుంది. ఆమె కాపురానికి వచ్చినప్పటి నుంచీ అదే పద్ధతి. తాండూరు పప్పు లేకపోతే తమ్ముడికి ముద్ద దిగదని ఆమె నమ్మకం. నింపిన రోజే బండెక్కించేది, ఒక్క రాత్రి కూడా ఇంట్లో ఉండనిచ్చేది కాదు. ఈసారి డ్రమ్ము నింపి, వేపాకు వేసి, మూత బిగిస్తుండగానే ఆ వాట్సాప్ కార్డు వచ్చింది. ఇక డ్రమ్ము ఉన్నచోటే ఉండిపోయింది. దాని మాట ఎత్తితే అత్తమ్మ మొహం అటు తిప్పుకునేది. నేనూ అడగడం మానేశాను.

డ్రమ్ము మీదుగా వంగి చూస్తే డబ్బా మీద లైట్లన్నీ పచ్చగా వెలుగుతున్నాయి. ఫోన్ తీసి దీక్షిత పంపిన లింకు నొక్కాను. అద్దంలా వచ్చింది. హాలు ముందు అరటి బోదెలు కడుతున్నారు, సన్నాయి వాళ్లు ఛాయ్ తాగుతున్నారు.

"వస్తున్నది అత్తమ్మా, వస్తున్నది!" అని హాల్లోకి పరుగెత్తాను. అక్కడికి చేరేసరికి ఫోన్ తెర మీద సన్నాయి వాళ్లు కదలకుండా నిలబడిపోయారు, మధ్యలో గుండ్రం తిరగసాగింది. ఫోన్ పాతదైపోయింది, దాని రోగం అది అనుకున్నాను.

ఫోన్లోని సిగ్నల్‌తో టీవీని నడిపించే ఉపాయం నాకు తెలియక కాదు. మా ఇంట్లో ఆ సిగ్నల్ రాదు. మల్లేశ్‌కు బండల పాలిషింగ్ యూనిట్ ఉంది. మరి బండల వ్యాపారి ఇల్లు ఎట్లా ఉంటుంది? గోడలు బండలు, నేల బండలు, అల్మారాలు బండలు. ఫోన్ మోగితే మోగుతుంది గానీ, మాట్లాడాలంటే మేడ ఎక్కాల్సిందే. నెట్టు పెట్టించుకున్నదే అందుకు.

మేడెక్కి అంజికి ఫోన్ చేశాను. అవతల బ్యాండు చప్పుడు చెవులు చిల్లులు పడేలా వినిపించింది.

"అక్కా, జర గట్టిగ మాట్లాడు. పరిగిల పెండ్లిల ఉన్న."

"టీవీకి నెట్టు అస్తలేదు అంజీ!"

"డబ్బా మీద ఎర్ర లైటు ఉన్నదా, పచ్చ లైటు ఉన్నదా?"

"పచ్చదే."

"పచ్చదైతే మా లైన్ మంచిగున్నట్టే. టీవీల ఉంటది ఖరాబు. ఫికర్ జేయకు అక్కా, రేపు పొద్దుగాల అస్త."

"రేపొస్తే పెండ్లి అయిపోతది!"

"ఎవలి పెండ్లి?"

కోపమొచ్చి పెట్టేశాను. తర్వాత టీవీ కంపెనీ వాళ్ల నంబరుకు చేశాను. నా ఫోన్ తమకు ఎంతో ముఖ్యమని చెప్పి ఒక ఆడగొంతు చాలాసేపు పాట వినిపించింది. చివరికి ఒకబ్బాయి వచ్చాడు. టీవీ బాగానే ఉండుంటుంది మేడం, నెట్టులోనే లోపం ఉంటుంది అన్నాడు. ఒకరిది బాగుంది, ఇంకొకరిదీ బాగుంది, మధ్యలో మా బతుకే బాగాలేదు. ఎందుకైనా మంచిది, ఒకసారి అంతా చెరిపేసి మొదటి నుంచి పెట్టుకోండి అని ఆ అబ్బాయి సలహా ఇచ్చాడు. ఎండలో నిలబడి వినీ వినీ నాకు మాడు మాడిపోయింది.

అంతా చెరిపేశాను. ఇక చూడండి, టీవీ మమ్మల్ని కొత్తగా పరిచయం చేసుకోవడం మొదలుపెట్టింది. ఏ భాష అంది, ఏ దేశం అంది, షరతులన్నీ చదివావా అంది.

"అరుణా, గిదేంది, మనం ఎవరో తెల్వనట్టు అడుగుతున్నది?" అన్నాడు మల్లేశ్.

"మీరు జర ఊకోండ్రి" అన్నాను.

ఆ తర్వాత చుట్టుపక్కల ఎవరెవరి నెట్టు అందుతోందో వరసగా చూపించింది. పక్కింటి వాళ్లది ఉంది. ఎదురింటి వాళ్లది ఉంది. వెనక గల్లీలో మందుల దుకాణం వాళ్లది కూడా ఉంది. మాది లేదు. మా ఇంట్లో, మా టీవీకి, మా నెట్టు కనిపించదు! వెతగ్గా వెతగ్గా అట్టడుగున ఒకే ఒక్క సన్న గీతతో మా పేరు కనిపించింది. రిమోట్‌తో ఒక్కో అక్షరం దగ్గరికి గడులు దాటుకుంటూ పోయి పాస్‌వర్డ్ కొట్టాను. అది మా ట్రాక్టర్ నంబరు. కనెక్ట్ కాలేదంది. మళ్లీ కొట్టాను. మళ్లీ అదే మాట.

"పాత ట్రాక్టర్‌దేమో" అన్నాడు మల్లేశ్.

పాతది కొట్టాను. అదీ కాదు.

"పోనీ పక్కింటోళ్లది అడుగుదామా?"

"తాళమేసి ఉన్నది. వాళ్లు గూడ పెండ్లికే పోయిండ్రు."

ఆ రోజు ముహూర్తాల రోజు. గల్లీలో సగం ఇళ్లకు తాళాలే. అందరూ ఎక్కడో ఒకచోట అక్షింతలు పట్టుకుని నిలబడ్డారు. మేమే ఒక మేఘం బొమ్మ ముందు కూర్చున్నాం.

"పోనీ ఆ డబ్బానే తెచ్చి ఇక్కడ పెడ్తె?" అన్నాడు. దానికి వచ్చే వైరు సన్నటి గాజు దారమని, గోడ నుంచి పీకితే విరిగి మొత్తానికే మోసమొస్తుందని అంజి ముందే చెప్పి ఉన్నాడు. ఆ మాటే చెప్పాను. ఆగ్నేయం గురించి నేను ఎత్తలేదు గానీ, నా చూపుల్లో మల్లేశ్‌కు అది కనిపించే ఉంటుంది.

ఇంతసేపూ అత్తమ్మ కుర్చీలోంచి లేవలేదు. మంచినీళ్లు కూడా అడగలేదు.

"ఎదుర్కోళ్లు అయిపోయినయంటవా?" అంది చివరికి, చిన్న గొంతుతో.

ముక్కు మీదే కోపముండే మనిషి ఆమె. ఆ గొంతు వినేసరికి రిమోట్ పక్కన పడేశాను. చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకుపోయాను. గూడు దగ్గర, డ్రమ్ముకూ గోడకూ మధ్య ఉన్న సందులో ఆమెను నిలబెట్టి, ఫోన్ మొహం ముందు పెట్టాను. లైవ్ బాగానే నడుస్తోంది. ఆమె కళ్లు చికిలించి చూసింది, ఫోన్‌ను దగ్గరికి లాక్కుంది, దూరం పెట్టింది.

"ఏం కనిపిస్తలేదు అరుణా. చీమలు తిరుగుతున్నట్టున్నది. గీండ్ల మా దీక్షిత ఏది?"

వేళ్లతో బొమ్మ పెద్దది చేశాను. అలుక్కుపోయింది.

ఆమె ఏడ్చింది. దాచుకోలేదు కూడా. నాకు వెంకటయ్య మామ మీద, మల్లేశ్ మీద, అంజి మీద, ఆ పాట వినిపించిన ఆడగొంతు మీద ఒకేసారి పిచ్చి కోపం వచ్చింది. ఫోన్ తీసుకుని డ్రమ్ముకు ఇవతలికి వచ్చి నిలబడ్డాను. ఫోన్లో బొమ్మ ఆగిపోయింది.

డ్రమ్ము మీదుగా చెయ్యి చాచి ఫోన్‌ను గూడు వైపు పెట్టాను. బొమ్మ కదిలింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఆగింది. నాకు నమ్మకం కలగక మళ్లీ చేశాను. డ్రమ్ముకు అవతల నెట్టు ఉంది, ఇవతల లేదు. గూడుకు మూడు వైపులా బండలు. ఉన్న ఒక్క దారికీ అడ్డంగా రేకు, రేకు నిండా పప్పు. పిల్లలు సెలవులకు వచ్చినప్పుడు ఈ డ్రమ్ము ఇక్కడ లేదు. ఇంత సేపు నేను దాన్ని చుట్టుకుని తిరుగుతూ, దాన్ని తిట్టుకుంటూ, ఎక్కడో మేడ మీద కారణం వెతికాను.

"ఏమండీ, ఇటు రాండ్రి! డ్రమ్ము జరపాలె!"

మల్లేశ్ వచ్చాడు. అత్తమ్మ కళ్లు తుడుచుకుని, డ్రమ్ము మూత మీద చెయ్యి వేసి నిలబడింది.

"దాన్ని ముట్టకుండ్రి."

"అదే అడ్డమున్నది అత్తమ్మా. అది జరిపితే టీవీ వస్తది."

"అది ఇంట్ల అటిటు జరిపేది గాదు. తమ్మునికని నింపిన. కదిలిస్తే గడపే దాటాలె. ఇంట్లనే ఇంకో తాన పెట్టుకుంటే మనం తినుడుకు ఉంచుకున్నట్టైతది."

"మరి పంపరాదు అమ్మా?" అన్నాడు మల్లేశ్.

"పిల్వనోనికా?"

పంపదు, ఉంచుకోదు. రెండూ కాని చోట ఆ డ్రమ్మును నిలబెట్టి, తన తమ్ముడి ఇంటి పెళ్లికి తనే అడ్డం పెట్టుకుంది. నాకు ఒళ్లు మండింది.

"అయితే పెండ్లి సూడకు" అన్నాను గట్టిగానే. "డ్రమ్మునే సూసుకుంట కూసో."

అత్తమ్మ నా వైపు చూసింది. మెల్లగా మూత మీది చెయ్యి తీసింది.

"గడప దాక తీస్కపోండ్రి. దాటియ్యకుండ్రి."

డ్రమ్మును ఒకవైపు వంచి కింద గోనెసంచి వేశాం. పాలిష్ బండల మీద అది బాగానే జారింది. మల్లేశ్ ముందు నుంచి లాగితే నేను వెనక నుంచి తోశాను. వంటింట్లోంచి హాల్లోకి, హాల్లోంచి తలుపు దాకా పోయింది. గడపకు ఆనించి ఆపేశాం. అత్తమ్మ పక్కనే నడుస్తూ, మూత కదలకుండా పట్టుకుంది.

రిమోట్ తీసుకుని చూస్తే జాబితాలో అన్నిటికంటే పైన మా పేరు ఉంది, గీతలన్నీ నిండుగా. కొత్త ట్రాక్టర్ నంబరే కొట్టాను. కనెక్ట్ అయింది. నాకు గంతులేయాలనిపించింది. లింకు తెరిచాను. హాలంతా సన్నాయి మోగింది.

తెర నిండా ఫంక్షన్ హాలు గేటు. అక్కడొక కెమెరా పెట్టి, వచ్చేవాళ్లందరినీ చూపిస్తున్నారు. గేటు పక్కన తెల్ల పంచె, తెల్ల చొక్కా, కొత్త కండువాతో వెంకటయ్య మామ నిలబడి ఉన్నాడు. చేతిలో వెండి పళ్లెం. పళ్లెంలో కుంకుమ, పసుపు, గంధం, పన్నీరు బుడ్డి.

వచ్చిన మగవాళ్లకు దండం పెట్టాలంటే ఆయనకు చేతులు ఖాళీ లేవు. పళ్లెంతోనే తల వంచుతున్నాడు. ఆడవాళ్లు వస్తే పళ్లెం ముందుకు చాచి, పక్కకు చూస్తూ నిలబడుతున్నాడు. వాళ్లే వేలు ముంచి పెట్టుకుంటున్నారు. కొందరు మొగమాటపడి పెట్టుకోకుండానే లోపలికి పోతున్నారు. ఒక ముసలామె పెట్టుకున్నాక, ఒరిగిపోతున్న పన్నీరు బుడ్డిని సరిగా నిలబెట్టి పోయింది.

"వాడెందుకు పట్టుకున్నడు ఆ పళ్లెం?" అంది అత్తమ్మ. "ఆడోళ్లు ఏమైండ్రు?"

వెంకటయ్య మామ భార్య పోయి చాలా కాలమైంది, దీక్షిత అప్పుడు ఇంకా కాలేజీలో చేరలేదు. ఆ ఇంట్లో ఉన్నది తండ్రీ బిడ్డా, ఇద్దరే. బిడ్డ పెళ్లిపీటల మీద కూర్చోబోతోంది. మాకు తెలిసిన సంగతే ఇది. అయినా ఆ కార్డు ఫొటో వచ్చిన రోజు మాలో ఒక్కరికీ గుర్తు రాలేదు. తప్పే అత్తమ్మా అని నేనే వంత పాడాను.

ఆమె అడిగిన మాటకు జవాబు ఆమెకే తట్టినట్టుంది. తెర దగ్గరికి పోయి నిలబడి, దాని మీది ఆయన మొహాన్ని చేత్తో తడిమి చూసింది.

"గెంత సన్నగైండో" అంది.

తర్వాత మా వైపు తిరిగింది.

"మల్లేశ్, ఆ డ్రమ్ము గడప దాటియ్యి."

అక్కడి నుంచి అంతా ఉరుకులు పరుగులే. అత్తమ్మ పట్టుచీర కట్టుకుని వచ్చిన తొందర చూసి నాకు అనుమానమొచ్చింది. ఇస్త్రీ చేయించి, మంచం మీద దిండు కింద ఎప్పుడో సిద్ధంగా పెట్టుకుంది మహాతల్లి. నేను మగ్గం పని జాకెట్టు తొడుక్కుంటూనే మామయ్యకు ఫోన్ చేద్దామనుకుని, మేడెక్కే ఓపిక లేక, కారెక్కాక చేద్దాంలే అని ఊరుకున్నాను. డ్రమ్ము కారు డిక్కీలో పట్టింది గానీ డిక్కీ మూత పడలేదు. మల్లేశ్ తాడుతో కట్టాడు.

దారిపొడుగునా అత్తమ్మ నన్ను ఫోన్ చూడమని వేధించింది. "జిలకర బెల్లం పెట్టలేదు గద? సూడు, జర మల్ల సూడు." లేదు అత్తమ్మా, పెట్టలేదు అని చెప్తూనే ఉన్నాను. ధారూర్ దాటేసరికి, "మా తమ్ముడు ఏం జేస్తున్నడు?" అంది. ఇంకా గేటు దగ్గరే ఉన్నాడని చెప్పాను. ఆమె ముందు సీటు వీపును రెండు చేతులతో పట్టుకుంది. "మల్లేశ్, జర జల్ది పోనియ్యి" అంది. గుట్ట మలుపుల్లో మల్లేశ్ నెమ్మదిగా పోతే సణిగింది, తొందరగా పోతే డ్రమ్ము జారుతుందని సణిగింది.

మేము దిగేసరికి ముహూర్తానికి ఇంకా సమయం ఉంది. గేటు దగ్గర జనం పలచబడ్డారు. వెంకటయ్య మామ అట్లాగే నిలబడి ఉన్నాడు, కండువా భుజం మీంచి జారింది. అత్తమ్మ మా కంటే ముందు నడిచింది. వచ్చింది ఎవరో ఆయన చూడలేదు. చీర అంచు కనిపించగానే అలవాటు కొద్దీ పళ్లెం ముందుకు చాచి, "రాండ్రమ్మా, బొట్టు పెట్టుకోండ్రి" అని పక్కకు చూశాడు.

అత్తమ్మ బొట్టు పెట్టుకోలేదు. పళ్లెం అంచు పట్టుకుంది. ఆయన తల తిప్పి చూశాడు.

"అక్కా" అన్నాడు.

"ఇటియ్యి తమ్మీ. మొగోనివి, గిది నువ్వు పట్టుకునుడేంది?"

"ఎవరున్నరు అక్కా?" ఆయన పళ్లెం వదల్లేదు. "నిన్ను పిల్వనీకి ఎవర్నన్న పంపాలె అని దినాం అనుకున్న. మనింటి తరఫున బొట్టు పెట్టి పిలిచేదానివి నువ్వొక్కదానివే. నీ తానికి ఎవర్ని పంపాలె?"

మల్లేశ్ కారు వైపు తిరిగి తాడు విప్పడం మొదలుపెట్టాడు.

అత్తమ్మ ఆయన మొహంలోకి చూసింది. తర్వాత ఉంగరం వేలు కుంకుమలో ముంచి, పొద్దున తలస్నానం చేసి పెట్టుకున్న బొట్టు మీదే తన నొసట తనే ఇంకోసారి పెట్టుకుంది.

"ఇగో, అయిపోయింది. నన్ను నేనే పిలుసుకున్న" అంది. "నువ్వు లోపలికి పో, బిడ్డ కాడ ఉండు. కండువ సరిగ ఏసుకో. పప్పు తెచ్చిన, దింపనీకి ఇద్దర్ని పంపు."

ఆయన పళ్లెం వదిలేశాడు. కండువాతో మొహం తుడుచుకుంటూ లోపలికి పోయాడు. అత్తమ్మ ఆయన నిలబడ్డ చోటే నిలబడి, పన్నీరు బుడ్డిని పళ్లెం మధ్యకు జరుపుకుంది. వెనక వస్తున్న ఆడవాళ్లు ఆమెను చూసి ఆగారు. వాళ్లకంటే ముందు నేనున్నాను. ఆమె నన్ను దగ్గరికి రమ్మని, నా గడ్డం పట్టుకుని, కొత్త మనిషికి పెట్టినంత పద్ధతిగా నా నొసట బొట్టు పెట్టింది.

"మా తమ్ముని బిడ్డ పెండ్లి" అంది. "లోపలికి రా బిడ్డా."